తెర మీద పోరంబోకు

ముక్కామల వరాహాలరావు రెవెన్యూ శాఖలో చేరిన నాటి నుంచి భూమిని తప్ప మరి దేన్నీ నమ్మలేదు. కొలవడానికి వీలైనదేదయినా ఆయన దృష్టిలో భూమే. పెళ్ళి భోజనానికి కూర్చుంటే ముందు విస్తరికి హద్దులు చూసుకునేవాడు. తూర్పున పప్పు, పడమర పులుసు, ఉత్తరాన మంచినీళ్ళ గ్లాసు, దక్షిణాన తాను. పక్కవాడి అప్పడం అంగుళం ఇటు జరిగినా అది ఆక్రమణ కిందే లెక్క. ఇంత నిష్ఠ గల మనిషిని ప్రభుత్వం వారు ఉన్నపళాన జిల్లా దృశ్య సంపద పరిరక్షణ కార్యాలయానికి అధికారిగా పంపించారు. ఆ కుర్చీ చాలాకాలంగా ఖాళీగా ఉంది. ఖాళీగా ఉన్నదాన్ని చూస్తే వరాహాలరావు ఊరుకోలేడని పైవాళ్ళకు తెలుసు.

కార్యాలయమంటే పాత పశువుల ఆసుపత్రి వెనక రెండు గదులు. ఒక గదిలో వెనకటి ప్రభుత్వ సినిమా రీళ్ళు డబ్బాల్లో నిద్రపోతుండేవి. రెండో గదిలో సిబ్బంది వాటికి తోడుగా నిద్రపోతుండేవారు. ఇలా ప్రశాంతంగా సాగుతున్న సంసారంలోకి రాజధాని నుంచి ఒక ఉత్సాహం వచ్చి పడింది. ఈ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ టీవీ పక్కన డిస్కు ప్లేయరు ఉంటోందని అక్కడ ఎవరో పెద్దాయన కనిపెట్టాడట. కనిపెట్టిన మర్నాడే 'ఇంటింటికీ డిస్కు' అని పథకం పుట్టింది. జిల్లాకొక పాత సినిమా వెతికి తీసి, డిస్కుల మీదికెక్కించి, ఇల్లిల్లూ తిరిగి ఉచితంగా పంచాలి. ఉత్తర్వు చివర కింద గీత గీసిన వాక్యాలు రెండున్నాయి: "సదరు డిస్కు జిల్లాలోని ప్రతి గృహమునందలి ప్రతి ప్లేయరునందును నిరాటంకముగా ఆడవలెను. ఆడని యెడల సంబంధిత అధికారి వ్యక్తిగతముగా బాధ్యుడు."

డబ్బాలన్నీ దులిపితే ఈ జిల్లాది అని చెప్పుకోదగ్గ సినిమా ఒక్కటే తేలింది. పాతికేళ్ళ కిందట ఇదే ఊరి హైస్కూలు మైదానంలో నలభై మంది ఆడపిల్లలు ఆడిన కోలాటం. సినిమా హాలు తెర కోసమని బాగా వెడల్పుగా తీశారు. తీసినవాళ్ళకు బదిలీ అయిపోవడంతో అది ఏ హాలు మొహమూ చూడలేదు.

ఈ సంగతి వరాహాలరావు ఇంట్లో కాఫీ తాగుతూ యథాలాపంగా చెప్పాడు. భార్య సీతారత్నం చేతిలో గిన్నె అలాగే ఆగిపోయింది.

"ఆ కోలాటంలో నేనున్నానండీ," అంది.

ఈ మాట ఆయన పెళ్ళయినప్పటి నుంచీ వింటున్నాడు. ఊళ్ళో అందరూ విన్నారు, ఎవరూ నమ్మలేదు. అందరికన్నా ఎక్కువగా నమ్మనిది ఆయన అక్కగారు మాణిక్యాంబ. నిడదవోలు నుంచి వచ్చినప్పుడల్లా ఆవిడ గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, "ఏదమ్మా మా సినిమాతార, కాస్త మంచినీళ్ళిస్తుందా," అనేది. సీతారత్నం నవ్వి ఊరుకునేది గాని, ఆ నవ్వు వంటింట్లోకి వెళ్ళేసరికి ఉండేది కాదు. ఎన్ని సార్లు చెప్పినా సాక్ష్యం లేని మాట సాక్ష్యం లేని మాటే కదా. రెవెన్యూ మొగుడికి ఆ విషయం మరొకరు చెప్పనక్కర్లేదు.

"కుడివైపు చిట్టచివర నుంచున్నాను," అని వివరించింది సీతారత్నం. "నా జత మంగతాయారు. నాకు అటు పక్కన ఇంకెవరూ లేరు, మైదానం గోడే. ఈ కార్తీకమాసానికి వదిన వస్తుంది కదా. ఆవిడ చూడాలండీ. ఒక్కసారి చూస్తే చాలు."

చూపిస్తానని వరాహాలరావు మాటిచ్చాడు. ఆ ఆదివారమే వెళ్ళి ఇంటికో డిస్కు ప్లేయరు కూడా కొనుక్కొచ్చాడు. సీతారత్నం దానికి కుంకుమబొట్టు పెట్టి, మీద కుట్టుపని గుడ్డ కప్పింది.

రీలు రాజధానికి వెళ్ళి కంప్యూటరులో పట్టే రూపంలో తిరిగి వచ్చింది. దాన్ని డిస్కుగా మార్చే పని ప్రభుదాసుది. ప్రభుదాసు వెనకటికి పెళ్ళి వీడియోలు తీసేవాడు. ఎంత గంభీరమైన దృశ్యం చూసినా దాని చుట్టూ గులాబీలు తిప్పాలన్న కోరిక అతన్ని ఇప్పటికీ వదల్లేదు. అధికారి పక్కన కుర్చీ వేసుకుని కూర్చోగానే అతను బొమ్మ వేశాడు. వరాహాలరావు చూపు తిన్నగా కుడివైపు చివరికి పోయింది. చిలకపచ్చ ఓణీ వేసుకున్న సన్నపాటి పిల్ల ఒకతె, జడ గాల్లో గిరగిరా తిరుగుతుంటే, రెండు చేతులా కోలలు పట్టుకుని పక్కపిల్ల కోలల్ని టకటకా కొట్టేస్తూ, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది. పెళ్ళిచూపుల్లో కూడా ఆయనకు అంత గుండెదడ రాలేదు. నిజం చెప్పాలంటే, ఆ నవ్వు ఆయన ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. ఆ సంగతి మనసుకు కొంచెం కష్టంగా తోచి గట్టిగా దగ్గాడు.

ప్రభుదాసు వచ్చిన చిక్కు చెప్పాడు. బొమ్మ వెడల్పు, ఇళ్ళలో టీవీలు ఇరుకు. పట్టించడానికి మూడు దారులున్నాయి. ఒకటి, రెండు పక్కలా కోసేసి మధ్య భాగాన్ని నిండుగా చూపడం. రెండు, ఉన్నదాన్ని పైకీ కిందికీ సాగదీయడం. అప్పుడు అమ్మాయిలందరూ తాటిచెట్ల ఎత్తున కనిపిస్తారు. మూడు, బొమ్మను మొత్తంగా ఉంచి, పైనా కిందా నల్లటి పట్టీలు వదిలెయ్యడం.

"కోసేద్దామండి," అన్నాడు ప్రభుదాసు. "ఆ చివరో రెండు జతలు, ఈ చివరో రెండు జతలు పోతాయి. చివర్లో ఉన్నోళ్ళని ఎవరు సూత్తారండి."

వరాహాలరావు పై ప్రాణాలు పైనే పోయాయి. చివరి అంగుళం కూడా కదలడానికి వీల్లేదని, మూడో దారే ఖాయమని గట్టిగా చెప్పాడు. అయితే ఆ నల్ల పట్టీల్లో గులాబీలు వేసుకోనా అని అడిగాడు ప్రభుదాసు. వద్దన్నాడు.

నియమం ప్రకారం ఇలాంటి నిర్ణయాలు సంఘం తీసుకోవాలి. అందుకని వరాహాలరావు అధ్యక్షతన 'డిస్కు అమరికల నిర్ణయ సంఘం' ఏర్పడింది. దగ్గరలో దొరికారు గనక పశువైద్యాధికారీ, హైస్కూలు తెలుగు పండితుడూ సభ్యులయ్యారు. టీవీకి బొమ్మ పంపడంలో పాల్ పద్ధతా, ఎన్‌టీఎస్‌సీ పద్ధతా అన్న ప్రశ్న రాగానే, రెండోది అమెరికా వాళ్ళదని తెలిసి సభ్యులు దేశభక్తితో మొదటిదాన్ని ఆమోదించారు. సెకనుకు ఎంత సమాచారం పంపాలన్నది తర్వాతి ప్రశ్న. ఎక్కువ పంపితే పాత ప్లేయర్లు తట్టుకోలేక ఆగిపోతాయి, తక్కువ పంపితే మొహాలు అలికినట్టుంటాయి. ఎక్కువైతే దుబారా అనీ, తక్కువైతే నిర్లక్ష్యమనీ, కనుక రెండూ కాని విధంగా పంపాలనీ తీర్మానించారు. ఆ విధం అంకెల్లో ఎంత అని ప్రభుదాసు అడిగితే, అంకెలు సంఘం పరిధిలోకి రావని పండితుడు చెప్పాడు. ప్రభుదాసు తన కూతురి పెళ్ళి వీడియోకి పెట్టిన అంకెనే పెట్టేశాడు. నల్ల పట్టీల సంగతి మాత్రం వరాహాలరావు చర్చకు రానివ్వకుండా టీలు తెప్పించాడు.

నమూనా డిస్కు రాజధానికి వెళ్ళింది. కొద్ది రోజులకు సంయుక్త సంచాలకులు పరాంకుశం గారి దగ్గర నుంచి జ్ఞాపిక, అంటే మెమో, వచ్చింది. పరాంకుశం గారిని జిల్లాల్లో ఎవరూ చూడలేదు. ఆయన తన జ్ఞాపికల ద్వారానే జీవిస్తుంటాడని ప్రతీతి. "తమరు పంపిన డిస్కు పరిశీలించడమైనది. తెర యొక్క పై భాగమునందును, క్రింది భాగమునందును విశాలమగు ప్రదేశము నల్లగా, నిరుపయోగముగా వదలివేయబడినట్లు గమనించడమైనది. ప్రజాధనముతో తయారగు డిస్కునందు ఖాళీ జాగా ఏల? పట్టీలు తొలగించి ప్రక్కలు కత్తిరించవలెను. లేనిచో సంజాయిషీ ఇవ్వవలెను."

పక్కలు కత్తిరించడమంటే సీతారత్నాన్ని కత్తిరించడమే. వరాహాలరావు తల పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. బొమ్మల శాస్త్రంలో ఆయనకు ఓనమాలు రావు. వచ్చినదల్లా ఒకటే విద్య. తెర వంక అలా చూస్తూండగా ఆ నల్ల పట్టీలు నెమ్మదిగా ఆయన కళ్ళకు తెలిసిన రూపంలోకి వచ్చాయి. వ్యవసాయం లేదు, కట్టడం లేదు, ఎవరి అనుభవంలోనూ లేదు. ఆయన మొహం వికసించింది. కలం తీసి సంజాయిషీ రాశాడు. "తెర యావత్తూ ప్రభుత్వ భూమి. అందు పైనను క్రిందను గల నల్లని ఖండములు పోరంబోకు. సదరు ఖండములు ప్రజా ప్రయోజనార్థము ప్రత్యేకించి ఉంచబడినవి. పోరంబోకును కత్తిరించుటకు గాని, రూపుమాపుటకు గాని ఏ అధికారికిని హక్కు లేదు."

రాసి, చదువుకుని, తనను తాను మెచ్చుకున్నాడు. ఇంటికెళ్ళి భార్యతో, నీ చివర భద్రంగా ఉందని చెప్పాడు. ఆ పూట సీతారత్నం గారెలు వండింది.

పరాంకుశం గారికి సంజాయిషీ నచ్చింది. నచ్చడమే ప్రమాదమైంది. ఎవరి వాదాన్నయినా పరాంకుశం గారు ఒప్పుకుంటే ఇక దాన్ని వదిలిపెట్టడు. పోరంబోకయితే సర్వే చేసి, హద్దు రాళ్ళు పాతించి, నకలు పంపవలసిందని తిరుగుటపాలో జవాబొచ్చింది.

సర్వేయరు గుర్నాథం గొలుసు భుజాన వేసుకుని వచ్చాడు. గొలుసు లేకుండా కొలిస్తే కోర్టులో నిలవదని అతని నమ్మకం. టీవీ చూస్తే మూరెడు, గొలుసు చూస్తే వీధి పొడుగు. ఒక కొస టీవీ మీద పట్టుకుని, మిగతాది గుమ్మంలోంచి బయటికి వదిలి, పశువుల ఆసుపత్రి వరండాలో ఇంజెక్షన్ కోసం ఎదురుచూస్తున్న గేదె కొమ్ముకు చుట్టబెట్టాడు. గేదె కదిలినప్పుడల్లా పై ఖండం విస్తీర్ణం మారింది. చివరికి గేదె పడుకున్నప్పుడు వచ్చిన కొలతనే ఖాయం చేశారు. హద్దు రాళ్ళు నిజమైనవే కావాలని గుర్నాథం పట్టుబడితే, ప్రభుదాసు నాలుగు రాళ్ళను ఫోటో తీసి బొమ్మ నాలుగు మూలలా అతికించాడు. ఒక రాయి సీతారత్నం కాలి దగ్గర పడింది. ఆమె దాన్ని చూసుకోకుండా గెంతుతూనే ఉంది.

ప్రభుత్వ స్థలం సర్వే అయి ఖాళీగా ఉందన్న వార్త జిల్లా కేంద్రంలో ఎంతసేపు దాగుతుంది. మర్నాటి నుంచే శాఖలు దరఖాస్తులతో బారులు తీరాయి. వ్యవసాయ శాఖ వారు పై ఖండంలో వరి ఊడ్పుల బొమ్మకు చోటడిగారు. కుటుంబ సంక్షేమం వారు ఎర్ర త్రికోణానికి అడిగారు. పశు సంవర్ధక శాఖ పొరుగు హక్కు కింద గాలికుంటు టీకాకు అడిగింది. కింది ఖండాన్ని విద్యుత్తు పొదుపూ, చిన్న మొత్తాల పొదుపూ సగం సగం పంచుకున్నాయి. పండితుడు తెలుగు భాష తరఫున ఒక పద్యానికి చోటు కోరాడు గాని, భాష శాఖ కాదు గనక తిరస్కరించారు. కాదనడానికి వరాహాలరావుకు నోరు రాలేదు. ప్రజా ప్రయోజనార్థమని రాసింది తానే. పోనీలే, నల్ల పట్టీలే కదా పోతున్నది, బొమ్మ బొమ్మగానే ఉంది కదా అని సరిపెట్టుకున్నాడు. ప్రతి సాయంత్రం ప్రభుదాసు పక్కన కూర్చుని చిలకపచ్చ ఓణీని ఒకసారి చూసుకుని ఇంటికి పోయేవాడు.

తర్వాత త్రికోణం వచ్చింది కిందికి. కుటుంబ సంక్షేమం వారు తమ ఖండంలో అది పట్టలేదంటూ కోణాన్ని బొమ్మలోకి దించేశారు. నాలుగో జత ఆడపిల్లల నడినెత్తి మీద దాని మొన వేలాడింది. ఆ వెంటనే పంచాయతీరాజ్ వారు వచ్చారు. పై ఖండం లబ్ధిదారులు కింది ఖండానికి వెళ్ళడానికి దారి లేదని, నడుమ బొమ్మ అడ్డంగా ఉందని, కనుక బొమ్మ మీదుగా దారి హక్కు కల్పించాలని కోరారు. లబ్ధిదారులెవరని వరాహాలరావు అడిగాడు. వరి మొక్కలూ, గేదెలూ అన్నారు. ఆ మాటకు వాళ్ళు నవ్వలేదు కనుక ఆయనా నవ్వలేదు.

దారి తిన్నగా మధ్యలోంచి వేస్తే ఎక్కువమంది దెబ్బతింటారు. అందుకని ఇంజనీర్లు జనం పలచగా ఉన్న చోటు ఎంచారు. అది కుడివైపు చివరికి కాస్త ఇటు. దారి పడ్డాక వరాహాలరావు గుండె చిక్కబట్టుకుని చూశాడు. సీతారత్నం ఉంది. మంగతాయారు ఉన్న చోట ఎర్రమట్టి రోడ్డు, దాని మధ్యన మైలురాయి ఉన్నాయి. సీతారత్నం రోడ్డు పక్కన నుంచుని రోడ్డును కోలలతో కొడుతోంది.

ఇంట్లో ఈ కబురు ఆయన సగమే చెప్పాడు. నువ్వున్నావు, బాగా ఉన్నావు అన్నాడు. మంగతాయారు బాగా కనబడుతోందా అని అడిగింది సీతారత్నం. అది ఎంత జోరుగా కొట్టేదంటే తన చేతి కణుపులు కందిపోయేవని చెప్పి, ఆ కణుపులు చూసుకుంది. వరాహాలరావు పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

ఇక్కడితో ఆగితే అది మన ప్రభుత్వం కాదు. పట్టీలకు కేటాయింపు ఉత్తర్వులున్నాయి, దారికి మంజూరు ఉత్తర్వుంది, మరి నడుమ ఆ బొమ్మకేముంది అని పరాంకుశం గారికి సందేహం వచ్చింది. "తెర యావత్తూ ప్రభుత్వ భూమి యని తమరే ధ్రువీకరించి యున్నారు. అట్టి భూమిలో కోలాటము ఆడుచున్న స్త్రీలకు పట్టా గాని, కౌలు గాని, అనుమతి గాని ఉన్నదా? లేని యెడల వారు ఆక్రమణదారులు. నోటీసు ఇచ్చి, విచారించి, తొలగించి నివేదించవలెను." వరాహాలరావు రీళ్ళ గదంతా వెతికించాడు. బొమ్మ పేర చిన్న కాగితం ముక్క కూడా లేదు. గొయ్యి తవ్వింది తానే, పడుతున్నదీ తానే. అయినా నోటీసు మీద సంతకం మటుకు చక్కగా పెట్టాడు. ఆక్రమణదారుల పేర్లు తెలియవు గనక 'కోలాటము ఆడు స్త్రీలు' అని రాసి, చట్టప్రకారం ఆక్రమిత స్థలంలోనే, అంటే కార్యాలయం టీవీ అద్దం మీదే, జిగురుతో అంటించారు. నకలు ఒకటి పశువుల ఆసుపత్రి గేటుకు కూడా అంటించారు. సీతారత్నం పాలకు వెళ్తూ అక్కడ చదివింది.

విచారణ రోజున అటెండరు వరండాలోకి వెళ్ళి, "కోలాటం ఆడు స్త్రీలు హాజరేనా," అని మూడుసార్లు పిలిచాడు. ఎవరూ పలకరన్న ధైర్యంతో వరాహాలరావు తీర్పు ముందే రాసి పెట్టుకున్నాడు. మూడో పిలుపుకు గేదెల వెనక నుంచి గొడుగు ముడుస్తూ సీతారత్నం లోపలికి వచ్చింది. పట్టుచీర కట్టుకుంది.

"హాజరే," అంది.

వరాహాలరావు లేచి నుంచుని, మళ్ళీ కూర్చున్నాడు. పేరేమిటని అడిగాడు. మీకు తెలీదా అందామె. రికార్డు కోసమని ఆయన నసిగాడు. ముక్కామల సీతారత్నం అని చెప్పింది. వృత్తి అడిగితే కోలాటం అంది. ఎప్పటి నుంచి ఆ స్థలం అనుభవంలో ఉన్నారని అడిగాడు.

"నా పెళ్ళికి ముందు నుంచీ. పాతికేళ్ళయింది, ఒక్క క్షణం కూర్చోలేదు. కావాలంటే చూసుకోండి, ఇప్పుడు కూడా ఆడుతున్నాను," అని నోటీసు వెనక కదులుతున్న పచ్చ ఓణీని చూపించింది. "మీ గేదెలూ, మీ త్రికోణాలూ మొన్న వచ్చాయి."

గుర్నాథం తనకు తెలియకుండానే తలూపాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇంత శుభ్రమైన అనుభవ హక్కు వరాహాలరావు కూడా చూడలేదు. లోపల ఆయనకు చెప్పలేనంత గర్వమేసింది. సాక్షులున్నారా అని అడగక తప్పలేదు.

"మంగతాయారు ఉండాలి."

"ఎక్కడున్నారు?"

"దారి కింద," అంది సీతారత్నం.

తర్వాత ఆమె, తన ఒక్కదానికే కాదు, నలభై మందికీ పట్టా రాయమని అడిగింది. అందరూ తనతోపాటే వచ్చారు, తనతోపాటే ఆడుతున్నారు, వాళ్ళలో కొందరు ఏ ఊళ్ళలో ఉన్నారో, కొందరు అసలు ఉన్నారో లేదో కూడా తెలియదు, అయినా అక్కడ మటుకు ఉన్నారు అంది. వరాహాలరావుకు ఆ మాట సూటిగా వెళ్ళి తగిలింది. కాని నియమం నియమమే. ఎవరికి వారు స్వయంగా హాజరై దరఖాస్తు పెట్టుకోవాలి. పరాంకుశం గారి పేరు గుర్తొచ్చేసరికి చెయ్యి దానంతటదే మామూలు దారిలో పడింది. హాజరైన ఒక్క అర్జీదారుకు బలహీన వర్గాల గృహవసతి నిబంధనల కింద ఆమె నిలబడిన మేరకు నివేశన స్థలం పట్టా మంజూరు చేసి, గైర్హాజరైన వారిని తొలగించవలసిందని ఆజ్ఞ రాశాడు. సీతారత్నం పట్టా అందుకుని, కళ్ళకద్దుకోకుండా, గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

ఒక్క పూటలో మైదానం ఖాళీ అయింది. ఖాళీ పడిన జాగాను మత్స్యశాఖ, పట్టు పరిశ్రమ, గృహనిర్మాణం, అగ్నిమాపక కేంద్రం పంచుకున్నాయి. అన్నీ పోగా గోరంత మూల మిగిలితే ప్రభుదాసు సక్రమంగా దరఖాస్తు పెట్టుకుని గులాబీలు వేసుకున్నాడు. కుడివైపు అంచున, హద్దు రాయి పక్కన, సన్నటి కిటికీ లాంటి తన పట్టా స్థలంలో చిలకపచ్చ ఓణీ పిల్ల ఒక్కతే మిగిలింది.

డిస్కులు ఇల్లిల్లూ చేరాయి. రాజధాని నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. మిగతా జిల్లాల డిస్కులు ఎక్కడో అక్కడ ఆగిపోతుంటే, ఈ జిల్లా డిస్కు మాత్రం ఎంత ముసలి ప్లేయరులోనైనా నదురూ బెదురూ లేకుండా ఆడుతోందట. ఆడక ఏం చేస్తుంది. తెర మొత్తం మీద కదిలేది ఒక్క పిల్ల. మిగిలినవన్నీ శాఖలు. అమరికల నిర్ణయ సంఘం దూరదృష్టిని పరాంకుశం గారు ప్రత్యేకంగా కొనియాడారు.

కార్తీకమాసంలో మాణిక్యాంబ దిగింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "ఏదమ్మా మా సినిమాతార," అంది. సీతారత్నం మంచినీళ్ళిచ్చి, కుట్టుపని గుడ్డ తీసి, డిస్కు పెట్టింది. వరాహాలరావు ప్రశంసాపత్రం కనబడేలా చేత్తో పట్టుకుని పక్కన కూర్చున్నాడు.

మాణిక్యాంబ కళ్ళజోడు పెట్టుకుని తెరంతా గాలించింది. చేపలు చూసింది, గేదెలు చూసింది, త్రికోణం చూసి మొహం తిప్పుకుంది. చివరికి కుడి అంచున ఆగింది. చాలాసేపు అలాగే గుడ్లప్పగించి చూసింది.

"నువ్వేనే సీతా," అంది. "నిజంగా నువ్వే. ఇన్నేళ్ళూ వేళాకోళం చేశాను, నా నోరు పడిపోనూ. ఎంత ఒడుపుగా ఆడుతున్నావే."

ఆ మాట కోసం పెళ్ళయిన నాటి నుంచీ ఎదురుచూసిన సీతారత్నం తెర మీద మట్టిరోడ్డునే చూస్తోంది. డిస్కులోంచి చప్పుడు వస్తూనే ఉంది. బొమ్మను కొలిచారు గాని చప్పుడును కొలవడానికి గుర్నాథం గొలుసు పనికిరాలేదు, అంచేత దాన్ని ఎవరికీ కేటాయించలేదు. నలభై మంది కోలలూ, నలభై గొంతులూ, నలభై జతల గజ్జెలూ ఇంటిని ఊపేస్తున్నాయి. తెర మీద ఒక్క పిల్ల, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ, మట్టిరోడ్డుకేసి కోలలు విసురుతోంది.

"అది సరేగాని," అంది మాణిక్యాంబ, "ఎవరితో ఆడుతున్నావే నువ్వు?"

సీతారత్నం లేచి అటక మీద నుంచి పాత గుడ్డమూట దించింది. అందులోంచి రెండు జతల కోలలు తీసింది. ఒక జత తాను పట్టుకుంది. రెండో జత మొగుడి ఒళ్ళో, ప్రశంసాపత్రం మీద పెట్టింది.

"లేవండి. మంగతాయారు చోట నుంచోండి."

అక్కడ దారి ఉంది కదా అన్నాడు వరాహాలరావు. దారి తెర మీద, ఇక్కడ ఖాళీయే అంది సీతారత్నం. ఆయన లేచి నుంచున్నాడు. పంచె బిగించుకున్నాడు. చరణం తిరిగి వచ్చేదాకా ఆగి ఆమె కోల విసిరింది. మొదటి దెబ్బ ఆయన కణుపుల మీదే పడింది. రెండోదీ అక్కడే పడింది. చెయ్యి ఊదుకుంటూ వెనక్కి జరగబోతే, అటు వదిన స్థలం, ఆక్రమణ అవుతుందని ఆమె హెచ్చరించింది. ఆయన మళ్ళీ ముందుకొచ్చాడు. ఎన్నో తప్పులకు ఒకసారి కోల కోలకు తగిలి టక్కున మోగింది. అప్పుడు సీతారత్నం నవ్వింది, పళ్ళన్నీ కనిపించేలా. వరాహాలరావు ఆ నవ్వు చూస్తూ కోల దించడం మరిచిపోయాడు, ఇంకో దెబ్బ తిన్నాడు.

పాట అయిపోయింది. ఆయన ఆయాసపడుతూ కుర్చీ కోసం చూశాడు.

"కూర్చోకండి," అంది సీతారత్నం, కొంగు నడుముకు దోపుకుంటూ. "ఇప్పటికి మంగతాయారు ఒక్కతే అయింది. ఇంకా ముప్ఫై ఎనిమిది మంది ఉన్నారు. వదినా, మళ్ళీ మొదటి నుంచి పెట్టు."